నాలుగింటి బెల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కాలింగ్ బెల్లు ఎవరూ నొక్కకుండానే మోగేది. ఇప్పుడు నా తల సగం నెరిసింది. పాడైన కంప్యూటర్లు బాగుచేస్తూనే ఇన్నేళ్ళూ గడిచాయి. అయినా సాయంత్రం నాలుగయ్యేసరికి నా చెవులు తలుపు వైపే ఉంటాయి.

అప్పట్లో మేం ఫిల్మ్ నగర్‌లో, స్టూడియో గోడ దిగువ సందులో, ఒక మేడ కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. మా తాతయ్య సినిమాలకు చప్పుళ్ళు చేసేవారు. తెర మీద హీరో మెట్లెక్కుతుంటే వినబడే బూట్ల చప్పుడు తాతయ్యది. హీరోయిన్ అలిగి వెళ్ళిపోతే ఆ పట్టీలూ తాతయ్యవే. పరిశ్రమ మద్రాసు నుంచి తరలి వచ్చినప్పుడు దాని వెనకే పెట్టెలు సర్దుకుని వచ్చిన కుటుంబం మాది.

మా నానమ్మ మోతీనగర్‌లో ఒక బడిలో పాఠాలు చెప్పేది. సరిగ్గా నాలుగింటికి ఇల్లు చేరేది. వెనక గదిలో చప్పుళ్ళ సాధనలో మునిగిన తాతయ్యకు తలుపు తట్టినా వినబడదని కోఠీ వెళ్ళి వైరు లేని బెల్లు కొనుక్కొచ్చింది. బటన్ గుమ్మానికి అతికించాలి, పెట్టె హాల్లో ప్లగ్గుకు తగిలించాలి. నొక్కితే పిట్ట కూసినట్టు మోగేది. అది వినగానే తాతయ్య లేచి, తల దువ్వుకుని తలుపు తీసి, రెండు గ్లాసుల టీ పెట్టేవారు. పెళ్ళాం వస్తుంటే తల దువ్వుకునే మొగుణ్ణి మళ్ళీ నేనెక్కడా చూడలేదు.

ఆ వానాకాలం నానమ్మ జ్వరమని ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. తాతయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. కంచంలో అన్నం కంచంలోనే ఉండేది. స్టూడియో వ్యాను వచ్చి హారన్ కొట్టి వెళ్ళిపోయేది. అమ్మా నాన్నా ఉద్యోగాలకు వెళితే, బడి నుంచి వచ్చిన నేనూ, ఆయన వీపూ, ఆ ఇల్లూ మిగిలేవాళ్ళం.

నెల తిరిగాక ఒక రోజు నాలుగింటికి పిట్ట కూసింది. తాతయ్య లేచారు. తల దువ్వుకుని వెళ్ళి తలుపు తీశారు. గుమ్మంలో ఎవరూ లేరు. లోపలికి వచ్చి రెండు గ్లాసుల టీ పెట్టారు. ఒకటి తాగి, రెండోది కిటికీలో పెట్టారు. ఆ రాత్రి కంచంలో అన్నం సగం తిన్నారు. మర్నాడూ అంతే. శని, ఆదివారాలు మాత్రం మోగలేదు. నానమ్మకు బడి లేని రోజులవి. ఆ సంగతి తట్టాక నాకు దయ్యం భయం పట్టుకుంది. అప్పటి నుంచి నాలుగు కాకముందే పక్కింట్లో దూరేదాన్ని.

పక్కింటి అక్క అమీర్‌పేటలో కంప్యూటర్ హార్డ్‌వేర్ నేర్చుకుంటోంది. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ నేర్చుకోనివాళ్ళను చూసి జనం జాలిపడేవారు. అక్క మాత్రం అందరూ పైపైన టైపు చేస్తే లోపల కాలిపోయేది ఎవరు చూస్తారని ఎదురడిగేది. చేతిలో ఎప్పుడూ స్క్రూడ్రైవరే. సందులో ఎవరి మిక్సీ ఆగినా, ఎవరి టీవీలో బొమ్మ వణికినా అక్క వెళ్ళాల్సిందే. నా భయం విని నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఏంది పాపా, దయ్యానికి శని, ఆదివారాలు సెలవా? మీ నానమ్మే అయితే తన ఇంటికి తనకు బెల్లెందుకు?”

మర్నాడు నాలుగింటికి మా మెట్ల దగ్గర కాపు కాసింది. మా పై వాటాలోకి కొత్తగా నలుగురు కుర్రాళ్ళు దిగారు. అమెరికా డాక్టర్లు మాట్లాడింది విని టైపు చేసే కంపెనీలో, జూబ్లీ హిల్స్‌లో వాళ్ళకు ఉద్యోగం. సాయంత్రం వెళితే తెల్లారి వచ్చేవారు. వాళ్ళ కోసం నాలుగింటికి క్యాబ్ డ్రైవరు వచ్చి పైన బెల్లు నొక్కాడు. కింద మా బెల్లు మోగింది. వాళ్ళదీ మాలాంటి చవక బెల్లే, రెండింటికీ ఫ్యాక్టరీలో ఒకే నంబరు పెట్టి వదిలేశారు. తీరా అడిగితే ఆ కుర్రాళ్ళూ భయపడి చస్తున్నారట. పొద్దున్నే పాలవాడు మా బెల్లు నొక్కితే వాళ్ళది మోగేది, తలుపు తీస్తే ఎవరూ ఉండేవారు కారు.

ఆ ఆదివారం తాతయ్య నిద్రపోతుంటే అక్క నా చేతే రిపేరు చేయించింది. ముందు ప్లగ్గు పీకించింది. స్క్రూలు పోకుండా స్టీలు గిన్నెలో వేయించింది. మూత తీస్తే లోపల వరసగా అయిదు పిన్నులు, వాటిలో రెండో దానికీ నాలుగో దానికీ నల్లటి తొడుగులు ఉన్నాయి. ఆ తొడుగులు ఏ పిన్నుల మీద ఉంటే అదే బెల్లు నంబరట. నేను పీకబోతే చెయ్యి పట్టుకుంది.

“ఆగు. ముట్టే ముందు ఎట్లున్నదో రాస్కోవాలె. మళ్ల ఎనకకు వచ్చే తొవ్వ ఉండాలె.”

నోట్‌బుక్ కాగితం చింపి ‘రెండు, నాలుగు’ అని రాశాను. తర్వాత పెట్టెలోనూ బటన్‌లోనూ ఆ తొడుగులను వేరే పిన్నులకు మార్చాను. దయ్యాన్ని స్క్రూడ్రైవరుతో వెళ్ళగొట్టానని గర్వం. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సోమవారం నాలుగయింది. తాతయ్య తల దువ్వుకుని మంచం అంచున కూర్చున్నారు. బెల్లు మోగలేదు. అయిదు దాకా అలాగే కూర్చుని, దువ్వెన దిండు కింద పెట్టి పడుకున్నారు. మంగళవారమూ అంతే. బుధవారం దువ్వెన ముట్టుకోలేదు. ఆ రాత్రి కంచం పెట్టింది పెట్టినట్టే వెనక్కి వచ్చింది. మళ్ళీ మునుపటిలా గోడవైపు తిరిగిన ఆ వీపు చూశాక నాకు అర్థమైంది. రోజుకు ఒక్కసారి మా తాతయ్యను లేపుతున్న దాన్ని నా చేతులతో నేనే ఆపేశాను.

ఏడుస్తూ అక్కకు చెప్పాను. అక్క చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

“నేను మిషన్‌నే చూసిన పాపా. దాంతోని ఎవరు బతుకుతున్నరో చూడలే.”

తిరిగి మార్చేముందు నిజం చెప్పమంది. వెళ్ళి తాతయ్య మంచం పక్కన నిలబడి, డ్రైవరు సంగతీ పిన్నుల సంగతీ అన్నీ చెప్పేశాను. ఆయన నావైపు తిరిగారు.

“మొదటి రోజే తెలుసు అమ్మలూ. ముప్పై ఏళ్ళు లేని అడుగులకి చప్పుడు చేసినవాణ్ణి, పై మెట్ల మీద మనిషెక్కిన చప్పుడు వినబడదా నాకు? మీ నానమ్మ కాదని తెలిసే లేచాను. లేవడానికి నాకింకో వంక దొరకలేదు.”

ఆ సాయంత్రమే కాగితం చూసి తొడుగులు మళ్ళీ రెండుకూ నాలుగుకూ మార్చాను. స్క్రూల గిన్నె తాతయ్య పట్టుకున్నారు. పైన కుర్రాళ్ళతో అక్క మాట్లాడింది. పాలవాడి దెబ్బకు రోజూ నిద్ర చెడినా సరే అన్నారు పాపం.

మర్నాటి నుంచి పిట్ట కూసినప్పుడు నేనూ తాతయ్య వెంట తలుపు దాకా వెళ్ళేదాన్ని. చలికాలం వచ్చేసరికి ఆయన కంచం ఖాళీగా వెనక్కి వచ్చేది. వారానికి రెండు రోజులు స్టూడియో వ్యాను కూడా ఎక్కేవారు.

ఒక శనివారం నాలుగింటికి బెల్లు మోగింది. తలుపు తీస్తే ఎవరూ లేరు. ఆదివారమూ మోగింది. నాకు మళ్ళీ పాత భయం పట్టుకుంది, ఎందుకంటే పై కుర్రాళ్ళు ఆ శుక్రవారమే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. తాతయ్య మాత్రం మామూలుగానే తల దువ్వుకున్నారు.

“ఇది వేరే చెయ్యి. డ్రైవరు ఆగలేక మూడుసార్లు నొక్కేవాడు. ఈ చెయ్యి ఒక్కసారే నొక్కి, నేను లేచేదాకా ఆగుతుంది. మీ నానమ్మలాగే.”

తలుపు తీశారు. పక్కింటి అక్క మా పై మెట్లు దిగుతూ, బట్టలు ఆరేయడానికి వెళ్ళినట్టు ముఖం పెట్టింది. చేతిలో ఒక్క బట్టా లేదు, కుర్రాళ్ళు వదిలి వెళ్ళిన బటన్ మాత్రం పై గుమ్మానికే ఉంది. తాతయ్య లోపలికి రమ్మని తలుపు పక్కకు తప్పుకున్నారు. ఇన్నాళ్ళూ కిటికీలో చల్లారిపోయిన రెండో గ్లాసు ఆ రోజు అక్క తాగింది. ఉద్యోగం వచ్చి ఊరు మారేదాకా ఏ రోజూ ఆ బెల్లు నొక్కడం మానలేదు.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. బెల్లు నా దగ్గరే ఉంది, పెట్టె వెనక ఆ నోట్‌బుక్ కాగితం మడిచి అతికించాను. ఏదైనా పాడైందని నా దగ్గరకు తెస్తే విప్పేముందు రెండు పనులు చేస్తాను. ఎలా ఉందో రాసుకుంటాను. దీన్ని బాగుచేస్తే ఎవరికైనా ఏమైనా పోతుందా అని అడుగుతాను. చాలామంది వింతగా చూస్తారు. ఎప్పుడో ఒకరు మాత్రం దాన్ని విప్పనివ్వకుండానే వెనక్కి తీసుకెళ్తారు.

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి బటన్ కలుస్తుందో ఏమో, అప్పుడప్పుడు ఆ పిట్ట ఊరికే కూస్తుంది. నంబరు మార్చేయమని, నీకది రెండు నిమిషాల పనేనని పిల్లలు విసుక్కుంటారు. నిజమే, రెండు నిమిషాల పనే. నేను లేచి, అద్దం ముందు జుట్టు సర్దుకుని, వెళ్ళి తలుపు తీస్తాను. ఎవరూ ఉండరు. లోపలికి వచ్చి రెండు గ్లాసుల టీ పెడతాను.