సున్నా మేడం

నాయకుడి వీడియోలో కింద, కుడివైపు మూల, చిన్న గుండ్రంలో నిలబడి ఆయన మాటల్ని వినికిడి లేనివారికి సైగల్లో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ గుండ్రాన్ని బట్టే ఆఫీసులో అందరూ ఆమెను సున్నా మేడం అనేవారు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. సైగలు ఆమె బడిలో నేర్చుకున్నవి కావు. పుట్టుకతోనే వినపడని అన్నయ్యతో చిన్నప్పుడు పోట్లాడి పోట్లాడి వచ్చేశాయి. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం తర్వాతి మాట.

నాయకుడికి పేపర్లన్నా టీవీలన్నా నమ్మకం పోయింది. ప్రతి ఆదివారం ఉదయం పదింటికి కెమెరా ముందు కూర్చుని, జనం పంపిన ప్రశ్నలు తానే చదివి నేరుగా జవాబు చెప్పేవాడు. గొంతు ఎంత కమ్మనిదంటే, తిట్టినా ఇంకాసేపు తిట్టించుకోవాలనిపిస్తుంది.

ఒక ఆదివారం ఓ తల్లి ప్రశ్న వచ్చింది. బధిరుల బడికి వెళ్లే బస్సు ఆగిపోయి మూడు నెలలైంది, మళ్లీ ఎప్పుడు వస్తుంది అని. నాయకుడు కళ్లజోడు తీసి, "అమ్మా, మీ బాధ నా బాధ" అని మొదలుపెట్టాడు. పిల్లలే మన రేపు అన్నాడు. చిన్నప్పుడు తాను బడికి నడిచిన దూరం చెప్పాడు. అన్ని కోణాల నుంచీ పరిశీలిస్తున్నామన్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది. ఆమె చేతులు ఒక్క మాట కూడా వదల్లేదు.

ఇంటికెళ్లేసరికి అన్నయ్య కుట్టుమిషను ఆపి ఆమెనే చూస్తున్నాడు.

"ఒంట్లో బాగాలేదా?" అని సైగ చేశాడు.

"బాగానే ఉన్నాను. ఏం?"

"బస్సు ఎప్పుడని అడిగితే పిల్లలు, నడక, కోణాలు అంటావేంటి? సగం మింగేశావా?"

"ఆయన చెప్పిందే అంత అన్నయ్యా."

అన్నయ్య నమ్మలేదు. మిషను మళ్లీ తొక్కసాగాడు.

సోమవారం ఆఫీసులో వీడియోలు చూసే మేనేజరు నసిగాడు. "మేడం, మీకు సైగలు సరిగ్గా రావని పదకొండు మంది రాశారు. మిమ్మల్ని తీసేసి కింద అక్షరాలు వేద్దామా అనుకుంటున్నాం."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా నాయకుడి గదిలోకి వెళ్లింది. మేనేజరు కంగారుగా వెనకే పరిగెత్తాడు.

"సార్, నిన్న నా చేతులు చెప్పింది మళ్లీ నోటితో చెప్తాను, ఒక్కసారి వినండి" అంది. గొంతులో ఏ భావమూ లేకుండా అప్పజెప్పింది. "మీ బాధ నా బాధ. పిల్లలు రేపు. నేను చాలా దూరం నడిచాను. చూస్తున్నాం. అటునుంచి చూస్తున్నాం. ఇటునుంచి చూస్తున్నాం."

మేనేజరు వచ్చిన నవ్వును దగ్గులోకి దింపాడు. నాయకుడు మాత్రం నవ్వలేదు.

"నేనన్నది అదేనా?"

"అదే సార్. వినేవాళ్లకి మీ గొంతు తోడుంటుంది. నా సైగలు చూసేవాళ్లకి ఆ గొంతు వినపడదు కదా. మాటలే మిగులుతాయి. వాటిలో బస్సు లేదు."

నాయకుడి మొహం ఎర్రబడింది. బల్లమీది పెన్ను అటూ ఇటూ దొర్లించాడు. "ఇంతకీ ఆ బస్సుకేమైంది?" అని మేనేజర్ని అడిగాడు. అతనికీ తెలియదు.

తర్వాతి ఆదివారం నాయకుడు అదే ప్రశ్న మళ్లీ చదివాడు. "బస్సు పాడై మూలపడిందమ్మా. ఈ ఏడాది కొత్తది రాదు. పోయినవారం నాకు తెలీకపోయినా ఏదేదో మాట్లాడాను." అంతే. ఆమె చేతులు దించగానే ఆయన తర్వాతి ప్రశ్న తీశాడు.

తిట్లు చాలానే వచ్చాయి. మేనేజరు ఓట్లు పోతాయని గోల పెట్టాడు. ఆ తల్లి మాత్రం రాసింది: "వస్తుంది వస్తుందని పాపని ఇంట్లోనే కూర్చోబెట్టాను. ఈ మాట ముందే చెప్తే ఎప్పుడో నలుగురం కలిసి బండి మాట్లాడుకునేవాళ్లం కదండీ." సున్నా మేడం ఆ రెండు వాక్యాలూ రెండుసార్లు చదువుకుంది. సంతోషించాలో బాధపడాలో తేలలేదు.

ఆమె ఉద్యోగం నిలిచింది. నాయకుడు పూర్తిగా మారిపోయాడని కాదు. మరుసటి వారమే రోడ్ల గురించి అడిగితే మళ్లీ నీళ్లు నమిలాడు. కాకపోతే మధ్యలో ఒకసారి ఆమె నిలబడ్డ వైపు చూసి, తడబడి, మాట తుంచేశాడు.

"ఈమధ్య బాగా చెప్తున్నావు" అన్నాడు అన్నయ్య, మిషను సూదిలోకి దారం ఎక్కిస్తూనే, ఒంటిచేత్తో సైగ చేసి.

"నేనెప్పుడూ ఒకేలా చెప్తున్నాను. మరి ఆయనకి ఓటేస్తావా?"

అన్నయ్య దారం వదిలేసి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని జవాబిచ్చాడు. "ఇంకో నాలుగు ఆదివారాలు చూస్తాను."