ఒళ్లు విదిలించని పొట్టేలు

నేను ఐదో తరగతిలో మూడేళ్లు కూర్చున్నాను. నాలుగో ఏడు మా చెల్లెలు వచ్చి నా పక్కన కూర్చునేసరికి బడి మానేశాను. కాబట్టి నాకు తెలియనివి చాలా ఉంటాయి. దయ్యాలు లేవన్న సంగతి మాత్రం గట్టిగా తెలుసు. పాతికేళ్లుగా ఉదయగిరిలో మాంసం అంగడి నడుపుతున్నాను. చచ్చినవి తిరిగొచ్చేటట్టయితే నా అంగడి ముందు పొట్టేళ్లు బస్టాండు దాకా వరస కట్టాలి. ఒక్కటీ రాలేదు.

ఇది పోయిన ఎండాకాలంలో పట్టపగలు జరిగింది. నేను తాగి లేను. ఎవరికి చెప్పినా మొదట అడిగేది అదే కాబట్టి ముందే రాస్తున్నాను.

మా ఊరు కొండ కిందే. అయినా కొండవాలు మీది ఇళ్ల వైపు నేనెన్నడూ పోలేదు. పొట్టేళ్లూ అంగడికే వస్తాయి, మనుషులూ అంగడికే వస్తారు, నేనెందుకు ఎక్కాలి? ఆ రోజు అక్కడి నుంచి వెంకటేశు అనే అతను మొక్కు పొట్టేలును కొట్టడానికి రమ్మన్నాడు. లారీ బోల్తా పడినప్పుడు, అతను బతికి బయటపడితే పొట్టేలునిస్తానని వాళ్లమ్మ అమ్మవారికి మొక్కుకుందట. నా బండి ఆత్మకూరులో మెకానిక్కు దగ్గరుంది. బస్టాండులో షేర్ ఆటో ఎక్కాను.

డ్రైవరు ఖాదరు తెలిసినవాడే. "ఏందన్నా, సొంత ఊర్లో టూరు పోతుండావా?" అన్నాడు.

"అవున్రా, ఊటీ వస్తే లేపు" అన్నాను.

రోడ్డు అయిపోయిన చోట దింపి, మధ్యాహ్నం ఇక్కడికే వస్తానని వెళ్లిపోయాడు. అక్కడి నుంచి అన్నీ రాతిమెట్ల సందులే. కిందింటి మిద్దె, పైయింటి వాకిలి ఒకే ఎత్తులో ఉన్నాయి. ఇంకా టైముంది కదా అని ఊరికే తిరిగాను. నలభై ఆరేళ్లు బతికిన ఊళ్లో ఒక్క ముఖం కూడా నాకు తెలియలేదు. కుక్కలు కూడా కొత్తవాణ్ణి చూసినట్టే మొరిగాయి.

మా వైపు ఒక పద్ధతి ఉంది. మొక్కు పొట్టేలును కొట్టే ముందు దాని మెడ మీద, వీపు మీద పసుపునీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. మూడుసార్లు పోసినా విదిలించకపోతే ఆ రోజుకు దాన్ని వదిలేయాలి.

వెంకటేశు ఇంటి పొట్టేలు విదిలించలేదు. మూడు చెంబులు పోశారు. మెడ మీంచి నీళ్లు కారుతున్నా బొమ్మలా నిలబడి నా వైపే చూసింది.

"అది ఒప్పుకోలా, అబ్బయా. వదిలెయ్" అంది వెంకటేశు వాళ్లమ్మ. దాన్ని పిల్లప్పటి నుంచి పెంచింది ఆ అవ్వే.

"చుట్టాలొచ్చి కూర్చోనుండారన్నా, ఎట్టోకట్ల కానీ" అన్నాడు వెంకటేశు.

"నా దగ్గర మందుండాదిలే" అన్నాను.

ఆ మందు ఇది. తడిచేత్తో మెడ నిమిరినట్టు నిమిరి, చెవిలో నాలుగు చుక్కలు పిండాలి. చెవిలో నీళ్లు పడితే ఏ జీవమైనా విదిలిస్తుంది. అదీ విదిలించింది. అందరూ ఒప్పుకుందన్నారు. నా చెయ్యి చూసింది అవ్వ ఒక్కతే.

ఒకడు తాడు ముందుకు లాగాడు, ఒకడు వెనక కాళ్లు పట్టాడు. ఎడమవైపు నిలబడి కత్తి వేశాను. తెగలేదు. పాతికేళ్లలో నేను రెండో వేటు వేయాల్సి వచ్చింది ఆ ఒక్కసారే. మొదటి వేటుకు సగం మెడతో అది లేచి, తాడు లాక్కుని నాలుగడుగులు నడిచింది. నా ముఖం నిండా నెత్తురు. రెండో వేటుకు పడింది. అవ్వ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ముఖం కడుక్కుని, కత్తులు కడిగి సంచిలో పెట్టి, జిప్పు వేసి దిగాను. ఒంటిగంట ఎండ. సందులో ఎవరూ లేరు, తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఎనిమిదో తొమ్మిదో మెట్టు మీద ఉండగా మెడ వెనక చల్లగా నీళ్లు పడ్డాయి. ఏ మిద్దె మీంచో పోశారనుకుని తల ఎత్తబోయాను.

తల లేవలేదు. ఎవరో నా జుట్టు పట్టి ముందుకు లాగారు. అదే క్షణంలో రెండు కాళ్లూ వెనక్కి ఈడ్చారు. నుదురు మెట్టు అంచుకు కొట్టుకుని పగిలింది. ఒళ్లంతా తాడులా సాగింది. కళ్లలోకి నెత్తురు దిగుతుంటే, ఇది ఏ పట్టో నాకు తెలిసింది. రోజూ నేను పట్టించే పట్టు అది. నా ఎడమవైపు, నేను నిలబడే చోట, ఎవరో నిలబడి ఊపిరి తీస్తున్నారు.

వీపు మీద రెండోసారి నీళ్లు పడ్డాయి. వెన్ను జిల్లుమంది. విదిలిస్తే అయిపోతానని తెలుసు. నాలుక పళ్ల కింద పెట్టి నొక్కాను. నోట్లో ఉప్పగా నెత్తురు. మూడోసారి పడ్డాయి. వేళ్లు మెట్టు సందులో దూర్చి గోళ్లు విరిగేదాకా బిగబట్టాను. కదల్లేదు.

ఇక చెవిలో పోస్తారని ఎదురుచూశాను. నేనైతే పోసేవాణ్ణి.

పోయలేదు. మెడ వెనక సన్నగా ఏదో ఆనింది, గీసుకుంది, ఆగింది. తర్వాత పట్టు వదిలింది.

ఖాదరు వచ్చి లేపాడు. "ఎవురు కొట్టినారన్నా?" అని అడిగాడు. పడ్డావా అని అడగలేదు.

నుదుటికి ఏడు కుట్లు పడ్డాయి. డాక్టరు ఎండదెబ్బ తగిలి పడ్డావన్నాడు. చీలమండల చుట్టూ కమిలిన వేళ్ల గుర్తులు చూసి దుప్పటి కిందికి లాగాడు. మెడ వెనక గీత సంచి పట్టీ ఒరుసుకుని పడిందన్నాడు. నా సంచికి పట్టీ లేదు, చేత్తో పట్టుకునేది. అది నాలుగు మెట్ల కింద, జిప్పు వేసినట్టే దొరికింది. చొక్కా మెడ దగ్గర, వీపున మాత్రమే తడిసింది. ముందువైపు నెత్తురు తప్ప తడి లేదు. ఆ సందులో కుళాయి లేదని ఖాదరు తర్వాత వెళ్లి చూసి వచ్చాడు.

ఇది ఏమిటో నాకిప్పటికీ తెలియదు. దయ్యమని ఈరోజుకీ అనను. అంగడి నడుపుతూనే ఉన్నాను. మొక్కు పొట్టేలు విదిలించకపోతే మాత్రం సంచి తీసుకుని వచ్చేస్తాను.

కుట్లు విప్పిన రోజు కొండవాలు ఎక్కి అవ్వకు జరిగిందంతా, చెవిలో నీళ్లతో సహా చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ వింది. చివర్లో నా గొప్ప కూడా కలిపాను.

"చూసినావా అవ్వా, మూడు తూర్లు పోసినా నేను కదల్లా. అందుకే వదిలేసినారు."

అవ్వ తల ఎత్తలేదు.

"నువ్వు వద్దంటే విన్నారు గదా. అయితే వాళ్లెవురోగాని నీకంటే మర్యాదస్తులే, అబ్బయా."