కాలువ కట్టేసిన రోజుల్లో సువార్తమ్మ

పోయిన ఏప్రిల్లో విజయవాడలో తమ్ముడి ఇంటికి వెళ్తుంటే, ఆటో కాలువ వంతెన ఎక్కగానే ఆ వాసన కొట్టింది. నీళ్ళు కట్టేసిన కాలువలో సగం ఎండిన బురద, కుళ్ళిన గుర్రపుడెక్క, చచ్చిన నత్తలు, అన్నీ కలిసిన వాసన. "ఈ కంపుకి చచ్చిపోతున్నామండీ" అన్నాడు డ్రైవరు, ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని. నాకు కంపు అనిపించలేదు, కోపం వచ్చింది. యాభై ఏళ్ళు దాటినా ఆ వాసన తగిలితే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది.

డెబ్బైల మొదట్లో మేము ఆ ఊళ్ళోనే ఏలూరు కాలువ గట్టు మీద ఒక పెంకుటిళ్ళ వరసలో ఉండేవాళ్ళం. ఏడాదిలో ఎక్కువ రోజులు కాలువ నిండుగా పారేది. ఇటుకలూ వెదురు బొంగులూ వేసుకుని పడవలు వచ్చేవి, మోకు భుజాన వేసుకుని మనుషులు వాటిని గట్టు మీంచి లాగుతుంటే మేము వాళ్ళ వెనకాలే నడిచేవాళ్ళం. వేసవి రాగానే మరమ్మతుల కోసం పైన నీళ్ళు ఆపేసేవారు. దాన్నే కాలువ కట్టేయడం అనేవాళ్ళం. నాలుగు రోజుల్లో నీళ్ళు మోకాలి లోతుకి వచ్చి, ఆ తర్వాత గుంటల్లోనే మిగిలేవి, ఇక మా పిల్లలకి పండగే: బురదతో అడ్డుకట్ట వేసి, సత్తు గిన్నెలతో నీళ్ళు తోడి, జెల్లలూ కొరమీనులూ చేతుల్తో పట్టేవాళ్ళం, ఎండిన చోట ఏడు పెంకులాట ఆడేవాళ్ళం, గట్టు మీద ముంజలు కొనుక్కుని బొటనవేలితో పొడుచుకు తింటూ మోచేతుల దాకా కారిన నీళ్ళని గౌన్లకి తుడుచుకునేవాళ్ళం. అంత ఆనందం మళ్ళీ ఎరగను. దాన్ని కూడా పాడుచేశారు మా పెద్దవాళ్ళు.

మా పక్కిల్లు ఎస్తేరక్కది. ఆవిడకి అవతలి పక్క రత్నమ్మ పిన్ని వాళ్ళు. ఎస్తేరక్కకి ఇరవై మూడేళ్ళుంటాయేమో. భర్త డేవిడ్ గారికి ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది, మా చర్చి సంఘంలో పేరున్న కుటుంబం. క్రిస్మస్ నెలలో ఆవిడ వన్ టౌన్ వెళ్ళి ఒకే తాను పూలగుడ్డ కొనుక్కొచ్చి వరసలో ఉన్న ఆడపిల్లలందరికీ గౌన్లు కుట్టేది, గులాబీ పువ్వుల అచ్చు కాగే నూనెలో ముంచి విదిలిస్తూ "విరిగినవన్నీ నాకు, బాగున్నవన్నీ మీకు" అని నవ్వేది. మా అమ్మకి చంటి తమ్ముడితోనే సరిపోయేది గనుక, రోజూ పొద్దున్నే దువ్వెనా రిబ్బన్లూ పట్టుకుని నేను ఎస్తేరక్క దగ్గరికే వెళ్ళేదాన్ని. రెండు జడలు ఎంత బిగించి వేసేదంటే సాయంత్రం దాకా కనుబొమలు పైకి లాగినట్టే ఉండేవి.

కొన్ని సాయంత్రాలు ఆ ఇంట్లోంచి దెబ్బల చప్పుడు వినిపించేది. మధ్యన ఉన్నది ఒక్క గోడే. అన్నం తింటున్న మా నాన్న ఎడమచేత్తో రేడియో గొంతు పెంచేవాడు. పిల్లల చెవిన పడకూడదట! ఆయన బడిపంతులు, ఎవరికి అర్జీ కావాలన్నా ఆయనే రాసిపెట్టేవాడు, ఆయన్ని తప్పు పట్టే మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ఇప్పుడు నేను పడుతున్నాను.

జనవరిలో ఒక పొద్దున ఎప్పటిలాగే దువ్వెన పట్టుకుని వెళ్తే, డేవిడ్ గారు లుంగీ ఎగ్గట్టి వంటింటి గచ్చు కడుగుతున్నాడు. దాహమేస్తే చెంబుడు నీళ్ళు కూడా తనంతట తాను ముంచుకుని ఎరగని మనిషి! మోకాళ్ళ మీద కూర్చుని, బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి, కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. ఆ నీళ్ళు పెరట్లోంచి కాలువ రేవు మెట్ల వైపు పారుతున్నాయి. నన్ను చూసి ఉలిక్కిపడి, "మీ అక్క ఊరెళ్ళింది, పో, పో" అన్నాడు. ఆ రోజు జడ లేకుండానే బడికి వెళ్ళాను. సాయంత్రం అమ్మతో చెప్తే నా నోరు మూసేసి, "ఈ మాట ఇంకెక్కడన్నా అన్నావో, వీపు విమానం మోత మోగుద్ది" అంది.

మూడు రోజులు తిరక్కుండా వరసంతా ఒకటే మాట: ఎస్తేరు లేచిపోయింది. షెడ్డులో పెయింటరుతో అని ఒకరు, మద్రాసు రైలెక్కుతుంటే కళ్ళారా చూశానని ఇంకొకరు. ఆ పెయింటరు మాత్రం రోజూ షెడ్డుకొచ్చి తన పని తను చేసుకుంటూనే ఉన్నాడు, ఆ సంగతి ఎవరికీ అడ్డం రాలేదు. కానిస్టేబులు వచ్చినప్పుడు సంఘ పెద్దలు మా అరుగు మీదే కూర్చున్నారు. దస్తూరి బాగుంటుందని కాయితం మా నాన్న చేత రాయించారు. "ఎస్తేరు అను ఆమె తన ఇష్టపూర్వకముగా ఇల్లు విడిచి వెళ్ళినదని మేము ఎరుగుదుము" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. మిగతా నలుగురూ ఆయన కింద పెట్టారు. అమ్మ టీ పెట్టింది, గ్లాసులు అందించింది నేనే. ఇక కేసూ లేదు, వెతకడమూ లేదు. ఒక ఆడమనిషిని లేకుండా చేయడానికి వాళ్ళకి అరఠావు కాయితం సరిపోయింది.

వారం తర్వాత ఎస్తేరక్క తల్లి సువార్తమ్మ వచ్చింది. కాలువకి దిగువన ఒక పల్లెలో కూలి చేసుకు బతికే మనిషి, చదువు లేదు. సంగతి తెలియక నేరుగా మా నాన్న దగ్గరికే వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"నా బిడ్డ నాకు సెప్పకుండా యాడికీ పోదయ్యా. దాన్ని ఎతకమని ఒక్క కాయితం రాసిపెట్టండి, మీ కాళ్ళకి మొక్కుతాను."

"ఒకసారి ఒకటి రాసిచ్చాక మళ్ళీ ఇంకోలా రాయకూడదు సువార్తమ్మా. దేవుడి మీద భారం వెయ్యి" అన్నాడు నాన్న, తల ఎత్తకుండా.

ఆవిడ దేవుడి మీద భారం వేసి ఊరుకోలేదు. ఆ వేసవిలో కాలువ కట్టేయగానే వచ్చింది. చీర మోకాళ్ళ దాకా దోపి, చేతిలో వెదురు కర్ర పట్టుకుని, మా రేవు దగ్గర దిగి, బురదలో అడుగడుక్కీ పొడుచుకుంటూ దిగువకి నడిచింది. పగిలిన కుండలు, తుప్పు పట్టిన సైకిలు చక్రం, ఎవరివో గాజుల ముక్కలు దొరికేవి. ప్రతిదాన్నీ చీర కొంగుతో తుడిచి, ఎండకి పెట్టి చూసి, పక్కన పెట్టేది. మరుసటి ఏడూ వచ్చింది. ఆ పై ఏడూ వచ్చింది. అప్పటికి డేవిడ్ గారు రెండో పెళ్ళి చేసుకుని, కొత్త పెళ్ళాంతో అరుగు మీద కూర్చుని మామిడికాయ ముక్కలు తింటూ ఆవిడ వెతుకులాట చూసేవాడు. మేము చేపల గిన్నెలు పట్టుకుని "పిచ్చి సువార్తమ్మ, బురద సువార్తమ్మ" అని పాడుతూ వెంటపడేవాళ్ళం. నేనూ పాడాను. సిగ్గు లేకుండా, అందరికంటే గట్టిగా పాడాను.

ఆ మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే గుంటలో నీళ్ళు తోడుతుంటే ఆవిడ దగ్గరికొచ్చి, బురద చేత్తో నా గెడ్డం పట్టుకుంది.

"పక్కింటి పాప రోజూ జడేయించుకోడానికొస్తదని మా ఎస్తేరు సెప్పేది. నువ్వే గదా తల్లీ? ఆ పొద్దున ఎల్లావా? ఏవన్నా సూశావా?"

గట్టు మీద మా నాన్న గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. నా వైపే చూస్తున్నాడు.

"లేదు" అన్నాను.

"పోన్లే అమ్మా" అని నా తల నిమిరి, కర్ర తీసుకుని ముందుకి వెళ్ళిపోయింది. జూన్లో ఎర్రటి కొత్తనీరు నురగలు కక్కుతూ వచ్చేది, మేము కేకలు పెడుతూ దానికంటే ముందు పరుగెత్తేవాళ్ళం. అందరికంటే ఆఖర్న గట్టెక్కేది ఆవిడే. ఇంకో మూడేళ్ళు వచ్చింది. ఆ తర్వాత రాలేదు, పోయిందని ఎవరో చెప్పారు.

ఇప్పుడు ఆ పెంకుటిళ్ళు లేవు. అపార్ట్‌మెంట్లు లేచాయి, పడవలు పోయాయి, రేవు మెట్లున్న చోట ఇనప కంచె కట్టారు. పోయిన ఏప్రిల్లో ఊళ్ళో నేనుండగానే డేవిడ్ గారు నిండు వయసులో మంచం మీద హాయిగా పోయాడు. "పెద్దాయన, వెళ్ళకపోతే బాగోదక్కా" అని తమ్ముడు నన్ను జ్ఞాపకార్థ కూడికకి లాక్కెళ్ళాడు. పూలదండలో పెద్ద ఫోటో. "మొదటి భార్య విడిచి వెళ్ళిపోయినా ఒక్క మాట తూలని క్షమాశీలి" అని మైకులో ఒకాయన గొంతు గద్గదం చేసుకున్నాడు. ఏం మాటలండీ అవి! ఎవరైనా రెండు మాటలు చెప్తారా అని అడిగారు. లేచాను. తమ్ముడు చీర కొంగు పట్టి లాగుతున్నా వెళ్ళి మైకు అందుకుని, ఎస్తేరు ఎక్కడికీ వెళ్ళలేదనీ, ఆ పొద్దున ఈ పెద్దమనిషి వంటింటి గచ్చు కడుగుతుంటే నేను చూశాననీ చెప్పాను. నా చేతిలోంచి మైకు లాక్కుని పాట ఎత్తుకున్నారు. అందరూ లేచి చప్పట్లు కొడుతూ పాడారు.

బయట భోజనాల దగ్గర ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. రత్నమ్మ పిన్ని. ఎనభై దాటాయి, నడుం వంగిపోయింది.

"నిజమే చెప్పావే అమ్మాయ్. ఆ పొద్దున మా పెరటి గోడ మీంచి నేనూ చూశాను. నీళ్ళు ఎర్రగా పోతా ఉన్నాయి."

"మరి అన్నేళ్ళు ఆ తల్లి బురదలో తిరుగుతుంటే చూస్తూ ఎలా ఊరుకున్నావు పిన్నీ?"

"మీ నాన్నకి చెప్పానే. ఆ కాయితం రాసే ముందే చెప్పాను. ఆడాళ్ళకెందుకీ గొడవలన్నాడు. ఆ తర్వాత నన్నెవరడిగారు? సువార్తమ్మ కూడా అడగలేదు గదా!"

ఆవిడ మీద కేకలెయ్యాలని నోరు తెరిచాను. అందరి ముందూ కడిగేద్దామనుకున్నాను, ఆవిడనీ, పోయిన మా నాన్ననీ, ఆ వరసంతటినీ. నిజమే, రత్నమ్మ పిన్నిని ఎవరూ అడగలేదు. నన్ను అడిగింది. గెడ్డం పట్టుకుని మరీ అడిగింది. నేను లేదన్నాను.