చుక్క చుక్కకీ వేలు

"ఆగవే, ఈ గీత సంగతి తర్వాత. ముందు ఈ చుక్క ఎందుకు దిగిందో చెప్పు" అంటూ మా హెడ్ నర్సక్క అప్పటికే నా కంప్యూటర్ తెర మీది గ్రాఫ్‌లో వేలు పెట్టేసింది. జ్వరం చార్టునీ ఆమె అలాగే చదివేది, చుక్క చుక్కకీ వేలు పెట్టి, ఆ పూట ఏమైందని అడుగుతూ. కడిగి కడిగి చేతులు పగులుతాయని ఎప్పుడూ కొబ్బరినూనె రాసుకునేది. తెర మీద ఆ జిడ్డు ముద్రలు రోజూ తుడుస్తూ నేను సణుక్కునేదాన్ని.

గల్ఫ్‌కొచ్చి, అజైబాలో ఆ క్లినిక్ రిసెప్షన్‌లో చేరి అప్పటికి ఆర్నెల్లే. ఫోన్‌లో చూసి నేర్చుకున్నానన్న మురిపెంతో, నాలుగు నెలల పేషెంట్ల లెక్కకి ఎక్సెల్‌లో లెక్క ఎటు పోతోందో చూపే ట్రెండ్‌లైన్ గీసి మేనేజర్‌కి చూపించాను. గీత వచ్చే నెలల్లోకి కిందకి జారిపోయింది. "అయితే కౌంటర్‌లో ఒక్కరు చాలు" అన్నాడాయన. ఇద్దరిలో కొత్తదాన్ని నేనే! ఉద్యోగం పోయేలా ఉందని అక్కకి చెప్పుకున్నాను.

"ఇదేంటి?" అంది అక్క, దిగిన చుక్క మీంచి వేలు తియ్యకుండానే.

"రంజాన్ అక్కా. ఉపవాసాలని జనం తక్కువొచ్చారు."

"దీని పక్కది?"

"స్కూలు సెలవులు. అందరూ ఊళ్లకెళ్లారు."

"మరి తిరిగిరారా పిచ్చిమొద్దూ? పోయిన రెండేళ్లవీ ఎక్కించు."

ఎక్కించాను. ఏటా రంజాన్‌కీ, సెలవులకీ దిగి, మళ్లీ లేచాయి చుక్కలు. మొత్తమ్మీద గీత పైకే. ఆమె మేనేజర్‌ని నా కౌంటర్‌కే పిలిచి, ఒక్కో చుక్కా ముట్టుకుని చెప్పింది. ఆయన "సరే, ఇద్దరూ ఉండండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి రాగానే కౌంటర్, కీబోర్డు, ఫోను అన్నీ తుడిచాను. తెర జోలికి మాత్రం పోలేదు.