నాగరత్నం బిళ్ళ

సూర్యారావుకు చేతి గడియారం ఉండేది గానీ, దాన్ని ఆయన నమ్మేవాడు కాదు. ఆయన నమ్మకమంతా ఫ్యాక్టరీ సైరన్ మీదే. భీమవరం పక్క పల్లెటూరి నుంచి అరవై ఆరులో పటాన్‌చెరు వచ్చి, ఫిట్టరుగా చేరి, పదేళ్ళలో ఫోర్‌మన్ అయ్యాడు. సెలవు పెట్టి సొంతూరు వెళ్ళినా ఆయనకు సైరన్ వేళకే ఆకలేసేది. "ఈయన్ని కన్నది మా అత్తగారు కాదు, టైమాఫీసు" అనేది భార్య లక్ష్మీనరసమ్మ. ఆయన మురిసిపోయేవాడు.

ఆ టైమాఫీసు గోడకు బిళ్ళల పలక ఉండేది. పనిలోకి వెళ్ళేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను ఎడమ పక్క మేకుకు తగిలించాలి, బయటికి వచ్చేటప్పుడు కుడి పక్కకు మార్చాలి. బిళ్ళ ఎడమ పక్కన ఉన్నంతసేపూ మనిషి లోపల ఉన్నట్టే. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకుంటే మెమో. ఓవర్‌టైం వేసినవాడైతే, ఫోర్‌మన్ వచ్చి "ఇక చాలు" అనేదాకా బిళ్ళ మార్చడానికి వీల్లేదు. పదేళ్ళలో సూర్యారావు వీటిలో ఒక్కదాన్నీ తప్పలేదు.

డెబ్బై ఆరు వేసవిలో కూతురు నాగరత్నం డాక్టరీ ప్రవేశ పరీక్షకు చదవడం మొదలుపెట్టింది. రోజుకు ఎంతసేపు చదవాలన్న మాట వచ్చింది.

"ఆరు గంటలు నాన్నా. ఆ పైన చదివినా నా బుర్రకెక్కదు" అంది పిల్ల.

బుర్ర దానిది, చదివేదీ అదే, అయినా దాని మాట ఎవరు వింటారు? "షిఫ్టంటే ఎనిమిది గంటలమ్మా!" అని నవ్వాడు తండ్రి. చెక్క మీద రెండు మేకులు కొట్టి ముందుగదిలో బిగించాడు. ఇత్తడి రేకు గుండ్రంగా కోసి, ఒకటో నంబరు చెక్కి కూతురి చేతికిచ్చాడు. బిళ్ళ ఎడమ మేకున ఉన్నంతసేపూ పిల్లను ఎవరూ పలకరించకూడదన్నాడు. నాన్నంటే గురి కాబట్టి నాగరత్నం ఒప్పుకుంది.

పరీక్ష ఇంకో నెల ఉందనగా, ఫ్యాక్టరీలో ఎవరి కొడుకో పన్నెండు గంటలు చదువుతున్నాడని విన్నాడు. ఇంటికొచ్చి, "రేపట్నించి నాలుగు గంటలు ఓవర్‌టైం" అన్నాడు.

"ఎన్నాళ్ళు నాన్నా?"

"నేను చాలనేదాకా."

మర్నాడే ఆయనకు రెండో షిఫ్టు పడింది. ఆయన ఇల్లు చేరేసరికి పిల్ల నిద్రపోయేది. చాలు అనేవాడు లేక బిళ్ళ ఎడమ మేకునే ఉండిపోయింది. నాగరత్నం పన్నెండు గంటలూ చదివి, లేచి, అన్నం తిని, పడుకునేది. బిళ్ళ మాత్రం ముట్టుకునేది కాదు.

వారానికల్లా లక్ష్మీనరసమ్మకు గుండెల్లో గుబులు మొదలైంది. ఒకరోజు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. పిల్ల మాట్లాడకుండా తినేసింది. ఇంకోరోజు పెరట్లో తీగమీద బట్టలు తీస్తున్న కూతుర్ని కళ్ళారా చూసింది. అదే క్షణంలో ముందుగదిలోంచి దాని చదువు వినపడుతోంది. పిలుద్దామని నోరు తెరిచి, బిళ్ళ సంగతి గుర్తొచ్చి మూసుకుంది. మొగుడికి చెబితే, "చెవులు గింగురుమంటున్నాయేమో, ఆముదం వేసుకో" అన్నాడు.

ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం సూర్యారావు అరుగు మీద పేపరు చదువుతున్నాడు. లోపల పిల్ల గుండె పాఠం బిగ్గరగా వల్లె వేస్తోంది. ఇంటి యజమానురాలు మల్లవ్వ బిందె చంకనేసుకుని వెనక బావి దగ్గర్నుంచి గబగబా వచ్చింది.

"సార్, మీ బిడ్డ బాయికాడ ఎండల నిలవడ్డది. ఎంత పిలిచినా పలుకుతలేదు. జెర జల్దీ రాండ్రి!"

"మా అమ్మాయా? లోపల చదువుకుంటోంది కదా, వినండి."

మల్లవ్వ విన్నది. బిందె జారి అరుగు మీద పడి, నీళ్ళన్నీ ఒలికిపోయాయి.

"మరి గాడ ఉన్నది ఎవలు సార్?"

సూర్యారావు వెనక్కి పరిగెత్తాడు. బావి గట్టున నాగరత్నం చేంతాడు పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, తండ్రిని మాత్రం చూడడం లేదు. అంత ఎండలోనూ చెయ్యి చల్లగా తగిలింది. పెదవులు కదలడం లేదు. ఇంట్లోంచి దాని గొంతు "గుండెకు గదులు నాలుగు" అంటూనే ఉంది.

తల్లీ మల్లవ్వా కలిసి పిల్లను నడిపించుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. సూర్యారావు ఒక్కడే ముందుగది గడప దాకా వెళ్ళాడు. బల్ల ముందు ఒక పిల్ల అటు తిరిగి కూర్చుని ఉంది. రెండు జడలు, నీలం ఓణీ. అరుగు మీది పిల్ల వేసుకున్నదీ ఆ ఓణీయే. ఒక పేజీ తిరిగింది. గొంతు ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకుంది.

గోడ మీద బిళ్ళ ఎడమ మేకునే ఉంది. దాన్ని తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. భయంలో కూడా ఆ మనిషికి మెమో గుర్తొచ్చింది చూడండి! కానీ దాంతోపాటే తాను ఇన్నాళ్ళూ అనని మాట కూడా గుర్తొచ్చింది. ఓవర్‌టైం వేసింది తనే. చాలనవలసిందీ తనే.

"ఇక చాలమ్మా" అన్నాడు. చదువు ఆగలేదు. మళ్ళీ అన్నాడు. "చాలు తల్లీ. ఎన్నడో చెప్పాల్సింది, నాదే తప్పు. డ్యూటీ అయిపోయింది, ఇంటికొచ్చెయ్."

చదువు మాట మధ్యలో ఆగిపోయింది. బల్ల ముందు కుర్చీ ఖాళీగా ఉంది.

"అమ్మా, ఆకలేస్తోందే" అంది అరుగు మీది పిల్ల.

నాగరత్నం తనే లోపలికొచ్చి బిళ్ళ తీసి కుడి మేకుకు తగిలించింది. తండ్రి ఏడుస్తుంటే వింతగా చూసింది. సాయంత్రం ఆయన ఆ చెక్క ఊడబీకి, రోజుకు ఎంతసేపు చదువుతావమ్మా అని అడిగాడు.

"ఆరు గంటలని మొదట్లోనే చెప్పాను కదా నాన్నా" అంది.

సీటు ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడు వచ్చింది. కానీ కూతురి గురించి ఎవరైనా అడిగితే సూర్యారావు సీటు సంగతి ముందు చెప్పేవాడు కాదు. ఆ ఆదివారం మధ్యాహ్నం పిల్ల కంచం ముందు కూర్చుని, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, పప్పులో ఉప్పు తక్కువైందని వాళ్ళమ్మను కేకలేసిందని చెప్పేవాడు.