పదకొండు సార్లు పడి పాసైన

నిన్న నేను పరీక్ష పాసైన! అట్లిట్ల కాదు, పదకొండు సార్లు కింద పడి పాసైన. నవ్వకుండ్రి, ముందు ఇనుండ్రి.

నేను బిహేవియర్ అనాలిసిస్‌ల పీజీ చేస్తున్న కదా. నలభైకి దగ్గరవడ్డంక గీ సదువేందని మా అత్తమ్మ ఇప్పటికీ అడుగుతనే ఉంటది. పాఠాలు ఆన్‌లైన్‌ల. ప్రాక్టికల్ మాత్రం వికారాబాద్‌ల, మాటలు రాని పిల్లల సెంటర్‌ల. తాండూర్ నుంచి రైల్ల పోయొస్త. నిన్న ఫైనల్ అబ్జర్వేషన్. మా మేడం వీడియో కాల్‌ల సూస్తది. పిల్ల తనకేం కావాల్నో నోటితోని ఒక్కసారన్న అడగాలె. అడగలేదనుకో, నాకు సెమిస్టర్ మొదటికే!

నా దగ్గరికొచ్చే పిల్ల హారిక. ఐదేండ్లు. దోమ అనే ఊరి నుంచి వాళ్లమ్మ తీస్కొస్తది. ఆమె వస్తవస్తనే, "టీచర్, నాలుగు నెలలాయె. ఇయ్యాల గూడ మాట రాకపోతే మాన్పియ్యమన్నడు మా ఆయన" అన్నది.

మా సదువుల అసలు కిటుకు గిదే: పిల్ల పానం దేనిమీద గుంజుతదో దొరకవట్టాలె, అడగంగనే అది ఇయ్యాలె. చాక్లెట్ సూపెట్టిన. మొఖం తిప్పింది. బొమ్మ రైలు నడిపిన. ఊహూఁ! ఆఖరికి సబ్బు బుడగలు ఊదిన. సీసా చెయ్యి జారి నీళ్లన్ని బండల మీదనే! బట్ట తెద్దామని లేసి ఉరికిన. సర్రున జారి, దబ్బుమని పిర్రల మీద కూలవడ్డ!

ఫోన్ల మేడం, "అయ్యో! దెబ్బ తగిలిందా?"

నేను జవాబు చెప్పకముందే పకపక నవ్వు. హారిక! ఎన్నడూ మొఖం సూడని పిల్ల, నా కండ్లల్లకు సూస్తున్నది. చెయ్యి లేపి, "మల్ల!" అన్నది.

వాళ్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"చూస్తున్నారేంటి? పాప అడిగింది కదా, వెంటనే ఇవ్వండి!" మేడం కేక.

"ఏమియ్యాలె మేడం?"

"పడండి!"

పడ్డ. "మల్ల!" మల్ల పడ్డ. నాకు నడుం కలుక్కుమంటుంటే మేడం అటుదిక్కు చప్పట్లు! తొమ్మిదోసారికి హారిక వాళ్లమ్మ దిక్కు తిరిగింది. "అమ్మా! మల్ల!"

అమ్మా అని పిలిచింది! ఆమె కొంగు నడుముకు చెక్కి, నా పక్కనే దబ్బున పడ్డది. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో నాకు సమజ్ కాలే. ఇద్దరం కల్సి ఇంకో రెండు సార్లు పడ్డం. లేవంగనే పెనిమిటికి ఫోన్ కొట్టింది: "మానుడు లేదు, ఏం లేదు! వచ్చేవారం నువ్వు గూడ రా. పడేదుంది!"

సాయంత్రం రైల్ల ఒకామె జరిగి జాగిచ్చింది. "కూసో అక్కా."

"వద్దమ్మా. నేను పాసైన!"

"పాసైతే కూసోరా?" అని ఎగాదిగ సూసింది.

ఆమెకేం ఎరుక, నేను పరీక్ష దేంతోని రాసిన్నో!