నా మాటతోని ఏడ్వు

మా వదిన పోయింది. నా మొగుని అక్క. బెల్లంపల్లి నుంచి కబురైతే వచ్చింది. "అమ్మ పోయింది అత్తమ్మా" అని కాదు. ఆమె కొడుకు ఫోనుల కార్డు పంపిండు, గులాబీ పూల నడుమ "దివంగతులైనారు" అని. ఆ మాట బతికుండంగ చూస్తే, ఎవరో పోయిన్రని వదిన పక్కింటికి పరామర్శకు పోయేది.

కోపం తగ్గినంక రాద్దామనుకున్న. తగ్గుతలేదు. చదివేవాళ్లే జర ఓపిక పట్టాలె.

వదిన మాటలను వంకాయలు ఏరినట్టు ఏరేది, పుచ్చుది తగిలితే పక్కకు పడేసేది. నా పెండ్లైన కొత్తల, నేను బడిల తెలుగు చెప్పే రోజులు. మా ఆయన బొగ్గుబాయి దిగిండు, డ్యూటీ అయిపోయినా ఇంటికి రాలే. "భయమైతుంది వదినా" అన్న. చాట కింద పెట్టకుండనే అన్నది: "పాము కనపడితే భయం. ఏదీ కనపడకుండ కడుపుల మెదిలేది బుగులు. వాడొస్తే అది పోతది. రాకుంటె రంది అయితది. అది మనిషి పోయేదాక పోదు."

మా ఆయన ఆనాడు వచ్చిండు. ఆమె మొగుడు ఇంకొకనాడు రాలే. రంది అన్న మాట మళ్ల ఆమె నోట వినలే. ముఖంల చూసిన.

వాళ్లుండే బొగ్గుబాయి కాలనీల ఎవరు పోయినా శోకం తీయడానికి వదినను పిలిచేవాళ్లు. రాగం అందరికీ వస్తది, మాట ఆమెకే వచ్చేది. "మంచోడు, పుణ్యాత్ముడు" అని ఎవరన్న అందుకుంటే ఆపేది. "ఎవలను ఏడుస్తున్నవే? గీ మాట ఊరందరికీ సరిపోతది." పిసినారిని పిసినారి అనే ఏడ్చింది. ఆ ఇంటోళ్లకు అప్పుడే దుఃఖం ఆగలే.

నిరుడు దవఖానల డాక్టరు వదినను ఏమైతుందని అడిగిండు. "యాష్టకొస్తుంది బిడ్డా." ఆయన నీరసమని రాసి గ్లూకోజు పెట్టిండు.

"నీరసం పెయ్యికి. యాష్ట అంటె బతుకుడే విసుగొచ్చుడు. దానికి సూదుందా?"

డాక్టరు నవ్విండు. వదిన నవ్వలే. నా దిక్కు తిరిగి, "నేను పోతె మంచిదని ఏడ్వకు. నా మాటతోని ఏడ్వు" అన్నది. సరే అన్న.

మాట ఇచ్చినదాన్ని పోయేసరికి ఇంటి ముందట ఫ్లెక్సీ, లోపల స్పీకర్ల భజన. కాలనీ ముసలోళ్లు గోడ పొంటి నోళ్లు మూసుకొని కూసున్నరు. నేను గొంతెత్తంగనే కొడుకు ఉరికొచ్చిండు.

"అత్తమ్మా, జర మెల్లగ. పెద్ద సార్లు వస్తున్నరు. మోటుగుంటది."

మోటట. ఏ తల్లి దగ్గర మాట నేర్చిండో, ఆ తల్లి కాళ్ల కాడ నిలబడి అన్నడు.

స్పీకరు వైరు గుంజి వాని చేతుల పెట్టిన. నాకు రాగం రాదు. బడిల పాఠం చదివినట్టే వచ్చింది: "నీ బుగులు పోయింది వదినా, నీ యాష్ట తీరింది, నీ రంది మాకు పెట్టి పోతివి."

గోడ పొంటి ఒకామె అందుకున్నది. తర్వాత అందరు అందుకున్నరు.

వాడు తలుపు కాడనే నిలబడ్డడు. ప్లగ్గు పక్కనే ఉంది, వైరు చేతిలనే ఉంది. పెట్టలే.